అణుధూళి పడిన దీవికి జనం తిరిగి వెళ్లొచ్చని ఎలా తేలుస్తారు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. 1954లో అమెరికా పసిఫిక్ సముద్రంలోని మార్షల్ దీవుల్లో, బికినీలో పేల్చిన అణుబాంబు బూడిద పక్కనున్న రోంగెలాప్ దీవి మీద పడింది. మూడేళ్లకు "ఇక ఫర్వాలేదు, వెళ్లండి" అని ఆ జనాన్ని తిరిగి పంపారు. 1985లో వాళ్లే భయపడి మళ్లీ ఊరు ఖాళీ చేశారు. ఆ తర్వాత మళ్లీ ఇళ్లు కట్టి రమ్మన్నారు. రేడియేషన్ కొలిచే గైగర్ మీటర్ పెట్టి చూస్తే తేలిపోయే విషయానికి ఇన్నేళ్లు ఎందుకు పట్టింది, అసలు "సురక్షితం" అని ఎలా తేలుస్తారు? డిగ్రీ ప్రాజెక్టు కోసం అడుగుతున్నానన్నారు కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

ముందు సూటిగా జవాబు. మీటర్ ఒక్కటే చాలదు. పగడపు దీవుల్లో మనిషికి అందే డోసులో, అంటే ఒంటికి తగిలే రేడియేషన్ మోతాదులో, పెద్ద వాటా తిండి ద్వారా వస్తుంది. కాబట్టి తేల్చాల్సిన ప్రశ్న "ఆ నేలలో ఎంత రేడియేషన్ ఉంది" అన్నది మాత్రమే అయితే సరిపోదు. "ఈ జనం అక్కడ ఎలా బతుకుతారు, ఏం తింటారు, ఏ దీవి నుంచి తెచ్చుకుంటారు, వాళ్ల పిల్లలు ఎక్కడ ఆడతారు" అన్న ప్రశ్నకు జవాబు దొరికాకే ఎవరైనా సురక్షితం అన్న మాట అనాలి. అందులో ఒక్కటి వదిలేసినా లెక్క తప్పుతుంది. మార్షల్ దీవుల్లో రెండుసార్లు తప్పింది కూడా.

నా గురించి ఒక్క మాట. ఒక తీరప్రాంతంలో ఎన్విరాన్‌మెంటల్ సర్వే ల్యాబ్‌లో చాలా ఏళ్లు పనిచేశాను. చుట్టుపక్కల ఊళ్ల నుంచి మట్టి, నీళ్లు, పాలు, చేపలు, ఆకుకూరలు తెచ్చి, ఎండబెట్టి, బూడిద చేసి, ఏ రేడియోధార్మిక పదార్థం ఎంతుందో చెప్పే గామా స్పెక్ట్రోమీటర్‌లో పెట్టి కొలవడం మా పని. మార్షల్ దీవులకు నేను వెళ్లలేదు. కానీ ఈ పనిలో ఉన్నవాళ్లు ఎవరైనా బికినీ, రోంగెలాప్ నివేదికలు చదవకుండా ఉండరు.

ముందు రెండు డోసుల్ని విడదీసి చూడండి. ఇది చాలామంది కలిపేస్తారు. 1954 మార్చి 1న క్యాజిల్ బ్రావో అనే ఆ బాంబు బికినీలో పేలింది. అనుకున్నదానికి రెండున్నర రెట్లు, అంటే 15 మెగాటన్నుల శక్తి వచ్చింది. కొన్ని గంటల్లోనే రోంగెలాప్ మీద పొడిపొడిగా తెల్లటి బూడిద రాలింది. అది పేలుడులో కాలి పొడైన పగడపు రాయి. ఏమిటో తెలియని పిల్లలు దానితో ఆడుకున్నారు. రెండు రోజుల తర్వాత గానీ జనాన్ని అక్కడి నుంచి తరలించలేదు. ఆ రెండు రోజుల్లో అందిన డోసు వల్లే తర్వాతి వారాల్లో ఒంటి మీద కాలిన పుండ్లు, జుట్టు రాలడం, రక్తకణాలు పడిపోవడం కనిపించాయి. ముఖ్యంగా అయోడిన్ జాతి పదార్థాలు పిల్లల థైరాయిడ్‌లో చేరాయి. 1963 నుంచి బయటపడుతూ వచ్చిన థైరాయిడ్ గడ్డలకు మూలం ప్రధానంగా ఆ రెండు రోజులే. అయోడిన్-131 సగం తరగడానికి 8 రోజులు చాలు. అంటే 1957లో తిరిగి వెళ్లేనాటికి అది లేనట్టే.

రెండో డోసు తిరిగి వెళ్లాక మొదలైంది. అది సీజియం-137, స్ట్రాన్షియం-90ల నుంచి వచ్చేది. ఇవి సగం తరగడానికి సుమారు 30 ఏళ్లు పడుతుంది. మొదటి డోసుతో పోలిస్తే ఇది చాలా చిన్నది, కానీ ఏళ్ల తరబడి సాగేది. మీ ప్రశ్న దీని గురించే. 1957లో వెళ్లినవాళ్ల ఒంట్లో ఏడాది తిరిగేసరికి సీజియం సుమారు 60 రెట్లు పెరిగింది. అప్పటికే ఒకసారి దెబ్బతిన్న మనుషులను, వాళ్ల ఒళ్లు ఇంకెంత పీల్చుకుంటుందో సరిగా అంచనా వేయకుండా, అదే నేల మీద కూర్చోబెట్టారు. పైగా ఏటా వచ్చి రక్తం, మూత్రం తీసుకెళ్లిన డాక్టర్లు ఫలితాలు వాళ్లకు అర్థమయ్యేలా చెప్పలేదన్న బాధ ఆ జనంలో ఇప్పటికీ ఉంది. ఈ భాగం చదివినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. కొలవడానికి వాళ్లు పనికొచ్చారు, తెలుసుకోవడానికి పనికిరాలేదా?

ఇప్పుడు మీటర్ సంగతి. మీ దగ్గర సర్వే మీటర్ ఉంటే హైదరాబాద్‌లో ఏ గ్రానైట్ బండ మీదైనా పెట్టి చూడండి. రోంగెలాప్ ఊళ్లో ఈ రోజు చూపించేదానికంటే ఎక్కువే చూపిస్తుంది. మన గ్రానైట్‌లో యురేనియం, థోరియం, పొటాషియం సహజంగానే ఎక్కువ. పగడపు నేలలో అవి దాదాపు లేవు. కాబట్టి మీటర్ మాత్రమే చూస్తే "హైదరాబాద్ కంటే రోంగెలాప్ నయం" అనిపిస్తుంది. నిజానికి మన బండలోని రేడియోధార్మిక పదార్థం బండలోనే ఉండిపోతుంది, మనం వండుకునే టమాటాలోకి పెద్దగా రాదు. అక్కడ మీటర్‌కు కొద్దిగా కనిపించే సీజియం కొబ్బరి బొండంలో గుట్టుగా చేరి ఉంటుంది.

ఎందుకలా? దీనికి కారణం మట్టి. మన పొలాల్లో బంకమన్ను ఉంటుంది. దాని పొరల మధ్య సీజియం ఇరుక్కుపోతుంది, వేర్లకు అందదు. పగడపు దీవి మట్టి అంటే సున్నం, దాని మీద పలచగా ఆకుల ఎరువు. బంకమన్ను లేదు. పైగా ఆ నేలలో పొటాషియం చాలా తక్కువ. చెట్టుకు పొటాషియం కావాలి. సీజియం రసాయనంగా పొటాషియానికి దగ్గర చుట్టం. ఆకలిగా ఉన్న వేరు దాన్నే పొటాషియం అనుకుని లాగేసుకుంటుంది. స్ట్రాన్షియం విషయంలో దీనికి తలకిందులుగా జరుగుతుంది. అది కాల్షియాన్ని పోలింది, సున్నపు నేలలో కాల్షియానికి కొదవ లేదు కాబట్టి చెట్టు స్ట్రాన్షియాన్ని అంతగా తీసుకోదు. నెవాడా ఎడారిలోనో అమెరికా పొలాల్లోనో కొలిచిన అంకెల్ని తెచ్చి పగడపు దీవికి వాడితే ఎంత తప్పుతుందో దీన్నిబట్టి ఊహించుకోండి. బికినీలో మళ్లీ కాపురం పెడితే అందే డోసులో సుమారు 90 శాతం నేల మీద పండే తిండి నుంచే వస్తుందని తర్వాతి అధ్యయనాలు తేల్చాయి. కొబ్బరి, మన మొగలి జాతికి చెందిన పాండనస్ పండు, సీమపనస, కొబ్బరి పీత ఇందులో ముఖ్యమైనవి. చేపలతో ఇంత బెడద లేదు. సముద్రపు నీళ్లలో పొటాషియం పుష్కలంగా ఉండటం వల్ల చేపలో సీజియం తక్కువే చేరుతుంది.

మీ ప్రాజెక్టులో వాడుకోవడానికి ఒక చిన్న లెక్క. రేడియోధార్మికతను బెకెరెల్‌లలో, ఒంటికి అందే డోసును మిల్లీసీవర్ట్లలో కొలుస్తారు. పెద్దవాళ్లు ఒక బెకెరెల్ సీజియం-137 మింగితే అందే డోసు 0.000013 మిల్లీసీవర్ట్లు. అంటే రోజుకు సుమారు 210 బెకెరెల్ చొప్పున ఏడాదంతా తింటే 1 మిల్లీసీవర్ట్ అవుతుంది. మామూలు జనానికి ఏడాదికి పెట్టే హద్దు అదే. కిలోకు 1000 బెకెరెల్ ఉన్న కొబ్బరి అనుకుందాం. రోజుకు 200 గ్రాములు తింటే ఏడాది కోటా అయిపోయినట్టే. 50 గ్రాములు తింటే పావు వంతు. మట్టి అదే, చెట్టు అదే, మీటర్ చూపించేదీ అదే. ఎంత తింటారన్న ఒక్క అంచనా మారితే "సురక్షితం" కాస్తా "వద్దు"గా మారిపోతుంది.

బికినీలో సరిగ్గా ఇదే జరిగింది. అక్కడి 167 మందిని 1946లో ఖాళీ చేయించారు. 1958 వరకు అక్కడ 23 పరీక్షలు జరిగాయి. 1968లో అధ్యక్షుడు జాన్సన్ "బికినీ ప్రజలు ఇంటికి వెళ్లొచ్చు" అని ప్రకటించారు. నేల చదును చేసి, వేలల్లో కొబ్బరి మొక్కలు నాటారు. 1970ల మొదట్లో కొన్ని కుటుంబాలు వెళ్లాయి. అప్పుడు కొలిస్తే ఒంట్లో సీజియం తక్కువే ఉంది, ఎందుకంటే నాటిన చెట్లు ఇంకా కాపుకు రాలేదు. 1970ల మధ్య నుంచి కాయలు రావడం మొదలైంది. సరుకుల ఓడ సరిగా రాక, జనం కాసిన కొబ్బరే తిన్నారు. కొబ్బరి వాడకాన్ని చాలా తక్కువగా అంచనా వేసిన సంగతి అప్పుడు బయటపడింది. ఒంట్లో సీజియం ఏడాదికేడాది ఎగబాకింది. 1978లో మళ్లీ అందరినీ ఓడ ఎక్కించారు. కాబట్టి వెళ్లిన మొదటి రెండేళ్ల కొలతలు చూసి ఊపిరి పీల్చుకోకూడదు. తోట కాపుకొచ్చాక ఎలా ఉంటుందో చూడాలి.

తిండి లెక్క వేయడం ఎంత కష్టమో నా అనుభవం నుంచి చెబుతాను. మా సర్వేల్లో ఇంటింటికీ తిరిగి ఎవరెంత తింటారో రాసుకునేవాళ్లం. ఒక జాలరి ఇంట్లో ఇంటి పెద్ద అరుగు మీద కూర్చుని "కొబ్బరా? పండగలకి పచ్చడి చేస్తారు, అంతే బాబూ" అన్నాడు. ఫారంలో "తక్కువ" అని రాసేసి లేచిపోతే పని అయిపోయేది. మాతో వచ్చిన ల్యాబ్ అసిస్టెంట్, ఆ ఊరి పక్క అమ్మాయే, వంటింటి గుమ్మం దగ్గర కూర్చుని ఆయన భార్యను అడిగింది. చేపల పులుసులో రోజూ ఓ చిప్ప నూరి వేస్తానంది. బోణీ కాకపోతే మధ్యాహ్నం రెండు బొండాలు. పిల్లాడు మొలకెత్తిన కాయలో కొబ్బరి పువ్వు కోసం పేచీ పెడతాడు. తలకు పట్టించేదీ అదే నూనె, కూరలో పడేదీ అదే. చివర్లో, నవ్వుతూ, సాయంత్రం ఆయన తాగే కల్లు కూడా కొబ్బరి చెట్టుదేనంది. అరుగు మీద "పండగలకి" అన్నది వంటింట్లో రోజుకు పావుకిలో దాటింది. ఆయన అబద్ధం చెప్పలేదు. కొబ్బరి అంటే ఆయన దృష్టిలో పచ్చడి. మార్షల్ దీవుల్లోనూ కొబ్బరి నీళ్లు, లేత గుజ్జు, ముదురు కొబ్బరి, కొబ్బరి పువ్వు, గెల నుంచి తీసిన రసం అన్నీ వాడతారు. వీటన్నింటికీ వేర్వేరుగా సీజియం కొలవాలి, వేర్వేరుగా వాడకం అడగాలి. అడగాల్సింది వండేవాళ్లను.

సగటు దీవి అంటూ ఏదీ ఉండదు. ఇది నేను చాలా గట్టిగా చెప్పే విషయం. రోంగెలాప్ అంటే ఒక్క దీవి కాదు, మధ్యలో ఉప్పుకయ్య, చుట్టూ దండలా ఎన్నో చిన్న దీవులు. బ్రావో ధూళి ఉత్తరం వైపు దీవుల మీద ఎక్కువగా, ఊరున్న దక్షిణం వైపు తక్కువగా పడింది. ఊళ్లో కొలిచి బాగుందనడం నిజమే కావచ్చు. కానీ కొబ్బరి పీతలు, పక్షి గుడ్లు, కాయలు తెచ్చుకోవడానికి పడవేసుకుని జనం ఉత్తరం దీవులకే వెళ్లేవారు. 1978లో సర్వే చేసిన అంకెల్ని 1982లో స్థానిక భాషలో ఒక పుస్తకంగా వేశారు. ఉత్తరపు దీవుల్లో కొన్ని, జనాన్ని ఖాళీ చేయించిన బికినీతో సమానంగా ఉన్నాయని వాళ్లకు అప్పుడు తెలిసింది. అప్పటిదాకా అక్కడి తిండే తిన్నారు. రోంగెలాప్ తరఫున సెనేటర్‌గా ఉన్న జెటన్ అంజైన్ తరలింపు కోసం ప్రభుత్వాల చుట్టూ తిరిగారు. ఎవరూ కదలకపోతే 1985 మేలో గ్రీన్‌పీస్ వారి రెయిన్‌బో వారియర్ ఓడలో, ఇళ్ల కలప కూడా విప్పుకుని, జనం మెజాటో దీవికి వెళ్లిపోయారు. దీన్ని "శాస్త్రం తెలియని భయం" అని తీసిపారేసినవాళ్లు ఉన్నారు. నేను ఒప్పుకోను. ఇరవై ఎనిమిదేళ్లు తమకు చెప్పని విషయం ఒక పటంలో కనబడితే ఏ తల్లయినా పిల్లల్ని ఎత్తుకుని పడవ ఎక్కుతుంది.

2016లో కొలంబియా యూనివర్సిటీ బృందం అక్కడి దీవుల్లో గామా కొలిచి అచ్చువేసింది. బికినీ దీవిలో సగటున ఏడాదికి 1.84 మిల్లీసీవర్ట్లు వచ్చింది. రోంగెలాప్ ఊళ్లో అంతకంటే బాగా తక్కువ. కానీ అదే రోంగెలాప్ వలయంలోని ఉత్తరపు దీవి నేన్‌లో ఎక్కువగా ఉందని ఆ బృందమే 2019లో అచ్చువేసింది. 1978 సర్వే జరిగి నలభై ఏళ్లయినా ఆ తేడా పోలేదు.

మనుషుల్లోనూ సగటు ఉండదు. ఒకే తోటలో పక్కపక్క చెట్ల కాయల్లోనే సీజియం తేడాగా ఉంటుంది. దుకాణం బియ్యం కొనలేని కుటుంబం స్థానిక తిండి ఎక్కువ తింటుంది. నివేదికలో "సగటు వ్యక్తి డోసు" ఒక్కటే ఇచ్చి, ఎక్కువ తినే కుటుంబం డోసు ఇవ్వకపోతే దాన్ని నేను పూర్తి నివేదికగా లెక్కపెట్టను.

ఇక హద్దు ఎంత పెట్టాలి? సాధారణ ప్రజలకు మామూలు పరిస్థితుల్లో, సహజంగా వచ్చేది కాక, ఏడాదికి 1 మిల్లీసీవర్ట్ అన్నది అంతర్జాతీయ ప్రమాణం. ప్రమాదం తర్వాతి ప్రాంతాలకు 1 నుంచి 20 మధ్య ఎక్కడో ఒకచోట పెట్టుకుని క్రమంగా తగ్గించుకోమంటారు. ఫుకుషిమా తర్వాత జపాన్ తరలింపు ఆదేశాలు ఎత్తివేయడానికి 20 తీసుకుంది, దాని మీద అక్కడి తల్లిదండ్రులు ఎంత గొడవ చేశారో తెలిసిందే. బికినీ గురించి అంతర్జాతీయ అణుశక్తి సంస్థ నిపుణులు 1990ల్లో వేసిన లెక్క చూడండి: స్థానిక తిండే పూర్తిగా తింటే ఏడాదికి సుమారు 15, దిగుమతి తిండి కలిపి తింటే సుమారు 4. ఏదో ఒకటి చేసి తగ్గించకుండా శాశ్వతంగా కాపురం పెట్టొద్దని వాళ్లు చెప్పారు.

నాకు అన్నిటికంటే నచ్చింది 1992లో రోంగెలాప్ వాళ్లు అమెరికాతో చేసుకున్న ఒప్పందం. ఒక్క దిగుమతి బియ్యపు గింజ లేకుండా, స్థానిక తిండే తిన్నా కూడా ఏడాదికి 1 మిల్లీసీవర్ట్ దాటకూడదు అని షరతు పెట్టారు. దానితోపాటు మట్టిలో ప్లూటోనియం జాతి పదార్థాలకూ విడిగా హద్దు పెట్టారు. ఓడ ఆగిపోయినా, డబ్బు అయిపోయినా, తాతల కాలం తిండికి మళ్లినా ఆ హద్దు నిలబడుతుంది. "దుకాణం తిండి తింటే సురక్షితం" అనేది షరతులతో కూడిన మాట. ఆ షరతును ముప్పై ఏళ్ల పాటు ఎవరు నిలబెడతారు?

ప్లూటోనియం గురించి చాలామంది ఎక్కువ భయపడతారు. తిండిలో దాని వాటా తక్కువ, ఎందుకంటే పేగు దాన్ని దాదాపుగా పీల్చుకోదు. దాని ముప్పు ప్రధానంగా ధూళి పీల్చడంలో. ఇళ్ల చుట్టూ, బడి దగ్గర, తవ్వకాలప్పుడు గాలిలో కొలవాలి. పిల్లలు నోట్లో పెట్టుకునే మట్టిని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

తగ్గించే మార్గాలు రెండు. ఒకటి పైమట్టి గీకి తీసేయడం. సీజియం పోతుంది, దానితోపాటు వందల ఏళ్లుగా పోగైన ఆ కాస్త ఎరువు కూడా పోతుంది. ఆ తర్వాత అక్కడ తోట లేవడం కష్టం. పైగా ఆ మట్టిని ఎక్కడ పెడతారు? మార్షల్ దీవుల్లోనే మరో పరీక్షా స్థలమైన ఎనెవెటాక్‌లో 1977-80 మధ్య గీకిన మట్టిని రూనిట్ దీవిలో ఒక బాంబు గుంటలో పోసి, పైన కాంక్రీటు గుమ్మటం కట్టారు. గుంట అడుగున ఏ పొరా వేయలేదు. రెండోది పొటాషియం ఎరువు. అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాల వాళ్లు బికినీలో ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసి, కొబ్బరిలో సీజియం పదో వంతుకు దగ్గరగా తగ్గుతుందని చూపించారు. చెట్టుకు అసలు పొటాషియం దొరికితే సీజియం జోలికి పోదన్నమాట. చెట్లూ బాగా ఎదుగుతాయి. ఇళ్ల చుట్టూ మట్టి తీసి పగడపు కంకర పరచడం, తోటల్లో పొటాషియం చల్లడం అన్న మిశ్రమ పద్ధతే నా దృష్టిలో సరైనది. సీజియం వాననీటితో మట్టి లోతుకు దిగిపోవడం వల్ల, అక్కడి మొక్కల్లో అది 30 ఏళ్లకు కాక 9 ఏళ్లకు అటూ ఇటూగా సగానికి తగ్గుతోందని కూడా కొలతల్లో తేలింది. ఇది నిజంగా మంచి వార్త.

వెళ్లాక ఏం చేయాలన్నది కూడా ముందే రాసుకోవాలి. సీజియంతో ఉన్న ఒక సౌకర్యం ఏమిటంటే, మనిషిని హోల్ బాడీ కౌంటర్ కుర్చీలో కొన్ని నిమిషాలు కూర్చోబెడితే ఒంట్లో ఎంత ఉందో నేరుగా తెలుస్తుంది. లెక్కలతో వాదించాల్సిన పనే ఉండదు. పెద్దల్లో అది సుమారు మూడున్నర నెలలకు సగం బయటికి పోతుంది, పిల్లల్లో ఇంకా త్వరగా. కాబట్టి ఎవరికైనా ఎక్కువ కనిపిస్తే తిండి మారిస్తే తగ్గుతుంది. మార్షల్ దీవుల్లో ఇప్పుడు ఈ కుర్చీలను నడిపేది శిక్షణ పొందిన స్థానికులే. 1957లో లేనిది ఇదే. ఫలితాల కాగితం వాళ్ల చేతిలోనే ఉంటుంది, అర్థం కాకపోతే పక్కింటి మనిషినే అడగొచ్చు.

ఒక జాగ్రత్త. ఇళ్లకు, బడికి ఇచ్చే డబ్బును "తిరిగి వెళ్తేనే" అన్న షరతుకు కట్టేస్తే, ఎంత మంచి కొలతైనా ఒత్తిడిగానే మారుతుంది. వెళ్లనన్నవాళ్లకు ఉన్నచోటే వైద్యం, ఇల్లు అందాలి. అది ఇంజనీర్ల పని కాదని కొందరంటారు. కానీ వద్దనే హక్కు లేని మనిషి దగ్గర తీసుకున్న తిండి సర్వేలో నిజం రాదు. ఏ జవాబు చెబితే ఇల్లు వస్తుందో ఆ జవాబే చెబుతాడు.

మరి ఇప్పుడు రోంగెలాప్‌కు వెళ్లొచ్చా అంటే: దక్షిణాన ఉన్న ఊరి దీవిలో, పొటాషియం వేసిన తోటల తిండితో, ఏటా కుర్చీలో కొలుచుకుంటూ ఉండేలా అయితే కొలతలు ఒప్పుకుంటున్నాయి. ఉత్తరపు దీవుల కాయలు, పీతలు రోజూ తినేలా అయితే ఆ మాట నేను అనను. బికినీకి ఏమీ చేయకుండా వెళ్లమని అసలే అనను.

మీ ప్రాజెక్టుకు ఏ నివేదిక తీసుకున్నా, ముందు చివరి పేజీలోని సారాంశం చదవకండి. తిండి పట్టిక ఎక్కడుందో వెతకండి. ఎవరిని అడిగి రాశారు, కొబ్బరిని ఎన్ని రకాలుగా విడగొట్టారు, ఒక్కో దీవికి విడి అంకెలు ఉన్నాయా, ఐదేళ్ల పిల్లకు వేరే లెక్క ఉందా చూడండి. అవి దొరక్కపోతే నివేదిక పేరు ఇక్కడ పెట్టండి, కలిసి చూద్దాం.